ఊపిరి పీల్చే తెర

ఒక మనిషిని తిట్టి చెడగొట్టాలంటే చాలా ఓపిక కావాలి. ఎంత తిట్టినా పౌరుషానికి పోయి ఇంకాస్త బాగా చేసే మొండిఘటాలు ఉంటారు. పొగిడి చెడగొట్టడానికి అంత శ్రమ అక్కర్లేదు, చిన్న ముక్క చాలు. ఆకాశమ్మ కుంచె ఆగిపోయింది అలాంటి ముక్క వల్లే.

అసలు ఆమె పేరు ఆకాశమ్మ కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాటకాలకి వెనక తెరలు వేయడమే పని గనక హాలువాళ్ళు మొదట్లో రంగులమ్మ అనేవాళ్ళు. వీధి కావాలంటే వీధి, అడవి కావాలంటే అడవి, రైలు స్టేషన్ కావాలంటే గడియారంతో సహా స్టేషన్ వేసి ఇచ్చేది. ఆమె భర్త ఆ తెరలకి గుడ్డ కుట్టే దర్జీ. వరసకి మేనత్త కొడుకు. చిన్నప్పుడు బావా అని అలవాటైన నోరు, పెళ్ళయి, తలలు నెరిసి, మోకాళ్ళు పట్టేసే వయసు వచ్చినా ఆ పిలుపు మానలేదు.

చూసేవాళ్ళు తెరని గోడకి కట్టి బొమ్మ వేస్తారనుకుంటారు. కాదు. ఇంటి వెనక పొడవాటి షెడ్డులో తెరని నేలమీద పరిచి, చుట్టూ మేకులు కొట్టి, దానిమీద నడుస్తూ వేస్తారు. ఆమె కాళ్ళకి మేజోళ్ళు తొడుక్కుని, కుంచెని పొడుగు కర్రకి కట్టుకుని, బకెట్లో ముంచి, ఇల్లు తుడిచినట్టు ఆకాశాన్ని తుడుస్తుంది. దగ్గర్నుంచి చూస్తే అది ఆకాశంలా ఉండదు, నీళ్ళు ఒలికిన గచ్చులా ఉంటుంది. ఎలా వచ్చిందో ఎత్తి కట్టాక గాని తెలియదు. కట్టేది హాల్లో. అక్కడికి ఆమె వెళ్ళదు. వేసిన తెరని మళ్ళీ చూస్తే దిద్దాలని చేతులు దురదపెడతాయని, నాటకం మధ్యలో బకెట్టు పట్టుకుని స్టేజి ఎక్కితే బావుండదని అంటుంది.

ఆయన పని గుడ్డ పన్నాల్ని అతుకు తెలియకుండా కలిపి కుట్టడం, పైన కట్టుకోవడానికి తాళ్ళు పెట్టడం, కింద అంచుని మడిచి పొడుగునా సంచిలా కుట్టి అందులో ఇనుప గొట్టం దూర్చడం. ఆ గొట్టం బరువుకే తెర గోడలా నిలబడుతుంది. అది లేకపోతే నటుడు అటూ ఇటూ నడిచినప్పుడల్లా రాజుగారి మేడ ఊగుతుంది. గొట్టాన్ని ఆయనే హాలుకి పట్టుకెళ్ళి, తెర కట్టాక తన చేత్తో దూర్చి వస్తాడు. గొట్టాలూ కుట్లూ ఆయన శాఖ, నీళ్ళూ రంగులూ ఆమె శాఖ. ఒకళ్ళ శాఖలో ఒకళ్ళు వేలు పెట్టకపోవడం వల్లే ఆ కాపురం ఇన్నాళ్ళు సజావుగా సాగిందని చుట్టాలు అంటారు.

కిందటేడు పెద్ద హాల్లో ఒక నాటకానికి ఆకాశం వేసింది. అదేమంత గొప్పగా తలచుకుని వేసింది కాదు. కొళాయి కట్టేశారు, నీళ్ళు అయిపోయాయి, బండి ముందే వచ్చేసింది, ఎలాగో ముగించి చుట్ట చుట్టి పంపించేశారు. పేపర్లో నాటకాల గురించి రాసే పెద్దమనిషి ఒకాయన మొదటి ఆటకి వచ్చాడు. ఆయన ఎవర్నీ మెచ్చుకోడని పేరు. ఆ నాటకం గురించి కూడా నాలుగు ముక్కలూ పుల్లవిరుపుగానే రాసి, ఆఖర్న మాత్రం ఇలా రాశాడు: "అందరికన్నా బాగా నటించింది వెనకున్న ఆకాశం. అది ఊపిరి పీలుస్తోంది."

అంతే. హాలు కిటకిటలాడింది. రంగులమ్మ రాత్రికి రాత్రి ఆకాశమ్మ అయిపోయింది. దర్జీ ఆ ముక్కని కత్తిరించి, అద్దం వేయించి, షెడ్డు గోడకి ఇంత లావు మేకు కొట్టి తగిలించాడు. వచ్చినవాళ్ళందరూ దాని ముందు నిలబడి చదివేవాళ్ళు. ఆమె పైకి అబ్బే అనేది గాని, ఎవరూ లేనప్పుడు ఆమె కూడా చదువుకునేది. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. జన్మలో మొదటిసారి ఎవరో తన పని చూశారు, ఆమెకి ఒళ్ళంతా సంతోషంగా ఉంది.

తర్వాత ఇంకో ఆకాశం వేయమని కబురొచ్చింది. బకెట్లో నీలం కలిపింది, కుంచె ముంచింది, ఒక చార గీసింది. ఇది ఊపిరి పీలుస్తోందా అని అడిగింది మనసు. లేదు. ఇంకో చార గీసింది. ఇది? ఇదీ లేదు. ఆ ప్రశ్న వెళ్ళి నెత్తినెక్కి కూర్చుంది, దిగమంటే దిగదు. తడిమీద తడి వేసి చూసింది, స్పాంజితో అద్ది చూసింది, చీపురుతో కొట్టి చూసింది. ఆకాశంలాంటిది ఏదో వచ్చేది, కాని కళ్ళు మూసుకుని పడుకున్నట్టు ఉండేది. ఆ పని వాపసు ఇచ్చేసింది. ఆ తర్వాత నాలుగు గోడలు, రెండు తలుపులు ఉండే నాటకాలే ఒప్పుకుంటూ వచ్చింది. గోడలు ఊపిరి పీల్చాలని ఎవరూ ఆశించరు.

ఇలా ఎంతకాలం తప్పించుకుంటుంది? కొత్తగా డైరెక్టరయిన ఒక చిన్నపిల్ల వచ్చి కూర్చుంది. పెద్ద హాల్లో నాటకం, కథంతా ఒక డాబా మీద జరుగుతుంది, గోడా లేదు, తలుపూ లేదు, వెనకంతా ఆకాశమే. మీరు కాకపోతే ఇంకెవరు వేస్తారు ఆకాశమ్మగారూ, అంది. అంత నమ్మకంగా అడిగేసరికి నోట్లోంచి కాదన్న మాట రాలేదు. సరేనంది, అన్న క్షణం నుంచి అనుభవిస్తోంది.

తెర కుట్టడం అయిపోయింది, పరవడం అయిపోయింది, జిగురు పూత ఆరడం కూడా అయిపోయింది. ఆమె మాత్రం దాని చుట్టూ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. వేస్తుంది, నచ్చక కడిగేస్తుంది. మళ్ళీ వేస్తుంది, మళ్ళీ కడిగేస్తుంది. పొడి రంగుల్లో జిగురు నీళ్ళు కలిపి వేసేది గనక తడిగుడ్డ పెట్టి రుద్దితే పోతుంది, కాని పూర్తిగా పోదు. కడిగి కడిగి గుడ్డ అట్టలా బిర్రుగా తయారైంది. కడగడానికి వాడిన తడిగుడ్డల్ని పిండి, గోడ పొడుగునా కొక్కేల మీద ఉన్న ఇనప కమ్మీ మీద ఆరేసేది. పని జరగనప్పుడు చేసే పనులన్నీ ఎంతో శ్రద్ధగా చేసింది. బకెట్లు తోమింది, కుంచెల్ని పొట్టివీ పొడుగువీ వరసగా పేర్చింది, కిటికీ అద్దాలు తుడిచింది. అవీ అయిపోయాక మొగుడి మీద పడింది. అతుకు కనిపిస్తోందట, అందుకే రంగు కుదరడం లేదట. మామూలుగా అయితే దర్జీ తన కుట్టు మీద ఈగ వాలనివ్వడు. ఈసారి కుక్కిన పేనులా కూర్చుని ఆ అతుకు విప్పి మళ్ళీ కుట్టాడు.

ఆయన అలా ఉండటం చూసి ఆమెకి ఇంకా భయం వేసింది. పోట్లాడే మనిషి పోట్లాడకుండా జాలి చూపిస్తున్నాడంటే తన పని అయిపోయిందనే కదా అనుకుంది. ఈ ఒక్క తెర వేయలేకపోతే ఇక కుంచె ముట్టకూడదని, ఉన్న సామానంతా ఎవరికైనా ఇచ్చేయాలని మనసులో తీర్మానం చేసుకుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే వద్దని బతిమాలతారు, బతిమాలించుకునే ఓపిక కూడా ఆమెకి లేదు.

డైరెక్టరు పిల్ల చూడ్డానికి వచ్చింది. తెల్లగా కాదు, కడిగిన మురికితో బూడిదగా ఉన్న తెరని చూసింది. మంచిపిల్ల. మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగి, టీ తాగి, వెళ్ళేముందు గుమ్మం దగ్గర నిలబడి ఒక ఉపాయం చెప్పింది. పోయినేటి ఆకాశం తెర హాలు సామాన్ల గదిలో భద్రంగా ఉంది. దాన్ని కట్టించి ఫొటో తీయించి, పెద్ద గుడ్డ మీద అచ్చు వేయిస్తే సరిపోతుందట. ఎలాగూ అది మీ ఆకాశమే కదండీ, మీరు శ్రమపడక్కర్లేదు, అంది.

ఆమె ఒంటికాలి మీద లేచి ఉంటే బావుండేది. పాత రోజుల్లో అయితే ఆ పిల్ల వీధి చివరిదాకా పరిగెత్తేది. "సరేనమ్మా, అలాగే కానీ," అంది ఆమె.

షెడ్డు మూల కుట్టు మిషను చప్పుడు ఆగిపోయింది. దర్జీ తొక్కుతున్న కాలు అలాగే ఉంది, ఆమె వైపు చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల ఫోన్ చేసింది. తెర కట్టించారు, ఫొటోగ్రాఫరు వచ్చాడు, కాని ఎన్ని తీసినా ఫొటో చెదిరిపోతోందట. తెర కదులుతోందట. స్టేజి లైట్లలో తీసే ఫొటోకి వస్తువు కాసేపు కదలకుండా ఉండాలి, ఇదేమో నిలవడం లేదు, ఎలా నిలబెట్టాలో చెప్పమని అడిగింది.

ఆ మాట చెవిన పడగానే దర్జీ చేతిలో గుడ్డ పక్కన పడేసి లేచాడు. చెప్పులు వేసుకుంటూ, తను వెళ్ళి చూసుకుంటానని, ఎండలో ఆమె రావద్దని, చిటికెలో అయిపోయే పనికి ఇద్దరెందుకని ఒకదాని మీద ఒకటి చెప్పేశాడు. పక్క వీధికి పంపాలన్నా మూడుసార్లు చెప్పించుకునే మనిషికి ఇంత హుషారెక్కడిదో ఆమెకి అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని వదిలిపెట్టే అలవాటు ఆమెకి లేదు.

"నువ్వుండు బావా, నేను వెళ్తాను," అంది. "దాన్ని ఒక్కసారైనా చూడాలి నేను. అచ్చు వేసి పారేసేముందైనా."

ఆయన చెప్పులు విప్పి మళ్ళీ మిషను ముందు కూర్చున్నాడు. దారం ఎక్కించడానికి ప్రయత్నించాడు గాని సూది కన్ను దొరకలేదు.

హాల్లో ఎవరూ లేరు. ఫొటోగ్రాఫరు, డైరెక్టరు పిల్ల టీకి వెళ్ళారని వాచ్‌మన్ చెప్పాడు. కెమెరా కాళ్ళ మీద నిలబడి ఉంది. స్టేజికి పక్కనున్న తలుపు కాస్త తెరిచి ఉంది. ఆమె మధ్య వరసలో ఒక కుర్చీలో కూర్చుని, తన తెరని తను మొదటిసారి దూరం నుంచి చూసింది.

పేపరాయన అబద్ధం రాయలేదు. ఆ నీలం నిజంగానే మెల్లగా పొంగి, మెల్లగా తగ్గుతోంది. నిద్రపోతున్న పసిబిడ్డ పొట్టలా ఉంది. మబ్బు దాని మీద లేస్తోంది, వాలుతోంది. ఇది నేనా వేసింది అనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత పని చేసిన చెయ్యి ఇప్పుడు ఎందుకూ పనికిరాకుండా పోయిందే అనుకుంది. కాసేపు అలాగే కూర్చుని ఏడ్చింది, ఎవరూ లేరు గనక తుడుచుకోలేదు కూడా.

ఏడుపు అయ్యాక పనిమనసు మేలుకుంది. పొంగడం తగ్గడం అంటే ఏమిటి? రంగు పొంగదు. గుడ్డ పొంగుతుంది. మెట్లెక్కి స్టేజి మీదికి వెళ్ళింది. మోకాలు పట్టుకుని వంగి, తెర అంచుని చేత్తో తడిమింది. పొడుగునా సంచిలా కుట్టిన అంచు, ఇటు చివర నుంచి అటు చివరదాకా ఖాళీగా ఉంది. గొట్టం లేదు.

తెర అంచు మీద కాలు పెట్టి నొక్కింది. ఆకాశం ఆగిపోయింది. కాలు తీసింది. పక్క తలుపులోంచి గాలి వచ్చింది, ఆకాశం ఊపిరి పీల్చింది. మళ్ళీ కాలు పెట్టింది, ఆగింది. తీసింది, పీల్చింది. ఆ వయసులో ఆ స్టేజి మీద ఒక్కతే నిలబడి అలా ఎంతసేపు తొక్కిందో ఆమెకే తెలియదు.

ముందు కోపం వచ్చింది. ఎవరి మీదని చెప్పడం కష్టం. పేపరాయన మీద, గాలి మీద, ఇన్ని నెలలుగా నిద్ర లేకుండా కుంచెని అడిగిన తన తెలివితక్కువ మీద. తర్వాత సిగ్గేసింది. అద్దం వేసి గోడకి తగిలించుకున్నది తన గొప్ప కాదు, ఒక మతిమరుపు. దాని ముందు ఎంతమందిని నిలబెట్టి టీలు పోసిందో తలచుకుంటే చెవులు వేడెక్కాయి.

కాలు అంచు మీదే పెట్టి, కదలని ఆకాశాన్ని ఈసారి పనిచేసేవాళ్ళు చూసేలా చూసింది. మామూలు ఆకాశం. ఎడమ పక్క నీలం ముద్దగా పడింది. ఆ పెద్ద మబ్బు మబ్బులా లేదు, ఎవరో దిండు మర్చిపోయినట్టుంది. అతుకు మాత్రం ఎక్కడా కనిపించలేదు, ఆయన కుట్టుకి వంక పెట్టడానికి లేదు. ఇక బాగున్నది ఏదైనా ఉందా అని వెతికితే, కింద, అంచున వేసిన కొండల పైన సన్నగా ఒక పట్టీ కనిపించింది. నీలం కాదు, పసుపు కాదు, బూడిద కాదు. సాయంత్రం అందరూ ఇళ్ళకి వెళ్ళాక మిగిలే వెలుగు. అది ఎలా వచ్చిందో గుర్తొచ్చింది. కొళాయి కట్టేసినరోజు, మంచి నీళ్ళు లేక, కుంచెలు కడిగిన బకెట్లో నీళ్ళే పోసి ఆ పట్టీ తుడిచేసింది. దాని గురించి పేపర్లో ఎవరూ రాయలేదు. కాని అది మాత్రం ఖాయంగా ఆమె చేతిదే.

హాలు బయట అరుగు మీద కూర్చున్న వాచ్‌మన్‌కి, ఫొటో పని ఆపమన్నానని డైరెక్టరు పిల్లతో చెప్పమని చెప్పి ఇంటిదారి పట్టింది. తిరిగి నడుస్తూంటే ఇస్త్రీ కొట్టు ముందు, తాళాల కొట్టు ముందు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళ తలల పైన, ఆకాశం ఉంది. చాలాకాలంగా ఆమె పైకి చూసినప్పుడల్లా అది పరీక్ష పెట్టేది. ఇవాళ ఊరికే ఉంది.

షెడ్డులోకి అడుగు పెట్టేసరికి గుడ్డలన్నీ మడతపెట్టి ఒక కుప్పగా ఉన్నాయి. గోడ మీద కమ్మీ లేదు. దర్జీ దాన్ని దించి, మూడు ముక్కలుగా ఊడదీసి, నేలమీద కూర్చుని తుప్పు తుడుస్తున్నాడు. రోజూ తను తడిగుడ్డలు ఆరేసుకున్నది దేనిమీదో ఆమెకి అప్పుడు తెలిసింది. గొట్టాలు ఆమె శాఖ కాదు, ఎప్పుడూ పట్టించుకుని చూసింది లేదు.

"చూశావా," అన్నాడు తలెత్తకుండా.

"చూశాను. ఎలా మర్చిపోయావు?"

మర్చిపోలేదట. హాలుకి తీసుకెళ్ళడానికి ముందురోజే గొట్టాన్ని బిగించి కొక్కేల మీద పెట్టుకున్నాడు. తెల్లారి బండి ముందే వచ్చింది. హడావిడిలో గొట్టం కోసం షెడ్డంతా వెతికితే కనపడలేదు. కొక్కేల మీద వరసగా ఆమె తడిగుడ్డలు వేలాడుతున్నాయి, గుడ్డలు కనపడ్డాయి గాని వాటి కింద గొట్టం కనపడలేదు. హాల్లో తెర కట్టాక గాని వెలగలేదు. ఒక్క ఆటే కదా, రేపు తెచ్చి పెడదాంలే అనుకున్నాడు. ఆ ఒక్క ఆటకే పేపరాయన వచ్చాడు.

"పేపర్లో పడ్డాకైనా పెట్టొచ్చుగా?"

"ఎలా పెట్టను? జనమంతా దాన్ని చూడ్డానికే వస్తున్నారు. గొట్టం పెడితే ఊపిరి ఆగిపోతుంది."

"పోనీ నాకు చెప్పొచ్చుగా. ఇన్నాళ్ళు నా ఏడుపు చూస్తూ కూర్చున్నావు."

ఆయన తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టాడు. ఆయనకి మాటలు కూడబలుక్కోవడం ఎప్పుడూ కష్టమే, ఇవాళ మరీ కష్టమైంది.

"ఆ ముక్క చదివినరోజు నీ మొహం చూశాను," అన్నాడు. "మన పెళ్ళిలో కూడా నువ్వు అలా లేవు. దాన్ని నా నోటితో ఎలా ఆర్పను? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నా. చెబితే నీ పేరు పోతుంది. చెప్పకపోతే నీ చెయ్యి పోతోంది. మధ్యలో నేను నలిగి చచ్చాను. అద్దం వేయించానే, అది కూడా భయంతోటే. గోడకెక్కితే నిజమైపోతుందేమోనని."

దారి పొడుగునా ఆమె దాచుకుని తెచ్చుకున్న కోపం ఒకటుంది. ఈయన్ని నిలబెట్టి దులిపేయాలనుకుంది. వెతికితే అది ఎక్కడా లేదు. అతుకు కనిపిస్తోందని తను సాధించినప్పుడు నోరెత్తకుండా విప్పి కుట్టిన వేళ్ళు కనిపించాయి. ఈ మనిషి ఇన్ని నెలలు తన పక్కనే కూర్చుని తనకన్నా ఎక్కువ కుమిలిపోయాడని తెలిసి గుండె కరిగిపోయింది.

"గుడ్డలు ఆరేసింది నేనే కదా," అంది చివరికి. "నువ్వు ఒక్కడివే చెడ్డపేరు ఎందుకు మోస్తావు?"

ఆయన మొహం ఎత్తి చూశాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆయన నవ్వు చప్పుడు లేకుండా భుజాలు కదిలే నవ్వు, ఆమెది గోడలు అదిరే నవ్వు. పక్కింటావిడ కిటికీ తెరిచి ఏమైందని అడిగింది కూడా. ఏం లేదు వదినా, మా ఆయన గొట్టం దాచాడు అని చెప్పి ఆమె మేజోళ్ళు తొడుక్కుంది.

"ఆ మూల గుడ్డ వదులైంది, మేకులు బిగించు," అంది. "కుంచెలు కడిగిన నీళ్ళు పారబోయలేదు కదా?"

ఆ బకెట్టుతోనే మొదలుపెట్టింది. కింద నుంచి, సాయంత్రం వెలుగు పట్టీ దగ్గర్నుంచి. తెర మీద అటు చివరికి నడిచి, ఇటు చివరికి నడిచి, తడి ఆరకముందే దాని పైన పల్చటి నీలం, ఆ పైన ఇంకాస్త ముదురు. కడిగి కడిగి మిగిలిన మరకలు చాలా చోట్ల అడ్డం వచ్చాయి. రెండుచోట్ల వాటిని మబ్బులు చేసేసింది, మిగిలినవాటిని వదిలేసింది. మామూలుగా మనసులో లేచే ప్రశ్న అలవాటుకొద్దీ ఒకసారి లేచింది, ఇది ఊపిరి పీలుస్తోందా అని. గొట్టం పెడితే పీల్చదు, తీస్తే పీలుస్తుంది అని జవాబు చెప్పేసరికి దానికి ఇంక ఏం అడగాలో తోచలేదు. మధ్యలో మోకాళ్ళు పట్టేస్తే కర్ర ఆనించి నిలబడేది. ఆయన బకెట్టు అందించేవాడు. చీకటి పడేలోపు సగం ఆకాశం అయింది, మిగతాది మర్నాడు అయింది. ఒక్కసారి కూడా కడగలేదు.

తెర హాలుకి చేరింది. ఎత్తి కట్టారు. ఈసారి ఆమె కూడా వచ్చింది. డైరెక్టరు పిల్ల చేతులు కట్టుకుని చాలాసేపు చూసి, బావుందండీ అంది. తర్వాత మొహమాటంగా, ఇది కూడా పోయినసారిలాగే ఊపిరి పీలుస్తుందా అని అడిగింది.

దర్జీ గొట్టం ముక్కలు భుజాన పెట్టుకుని తెర పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె ఏమంటే అది చేయడానికి సిద్ధంగా ఉన్నాడు. గొట్టం వద్దు అని ఆమె ఒక్క మాట అంటే చాలు, ఆకాశమ్మ పేరు ఇంకో ఏడాది నిలబడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆశ లేదని చెబితే అబద్ధం. ఒక్క క్షణం ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

"పీల్చదమ్మా," అంది. "పోయినసారి దానికి ఊపిరి పోసింది మా బావ. ఇది నేను ఒక్కదాన్నే వేసింది. కదలకుండా నిలబడుతుంది. పెట్టు బావా గొట్టం."

ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు. దర్జీ చెవులు ఎర్రబడ్డాయి. వంగి, అంచు సంచిలోకి గొట్టం ఒక్కొక్క ముక్కా దూరుస్తూ ఇటు నుంచి అటుదాకా నెమ్మదిగా వెళ్ళాడు. ఆయన దూర్చినకొద్దీ ఆకాశం నిలబడుతూ వచ్చింది.

మొదటి ఆటకి ఇద్దరూ వెనక వరసలో కూర్చున్నారు. కుడిపక్క మబ్బు చూడగానే దిద్దాలని ఆమె చేతులు దురదపెట్టాయి, చేతులు రెండూ ఒడిలో గట్టిగా పట్టుకుంది. చివర్లో డాబా మీద ముసలి తల్లి వేషం వేసినామె ఒక్కతే మిగిలి, ఆరేసిన బట్టలు ఒక్కొక్కటే తీసి మడతపెట్టుకుంటుంది. లైట్లు మెల్లగా తగ్గాయి. ఆమె వెనక, కుంచెలు కడిగిన నీళ్ళ పట్టీ కాసేపు వెలుగుతూ ఉండిపోయింది. హాల్లో అందరూ ఆ తల్లినే చూస్తున్నారు. ముందు వరసలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఆకాశం వైపు ఒక్కరూ చూడలేదు. చూడకపోయినా ఆ వెలుగులోనే చూస్తున్నారు కదా అని ఆకాశమ్మకి తోచి, మనసు నిండిపోయింది. మొగుడి చెయ్యి పట్టుకుంది. చీకట్లో గనక ఆయన కూడా పట్టుకోనిచ్చాడు.

పేపరాయన వచ్చాడని తర్వాత తెలిసింది. ఆయన రాసింది దర్జీయే ముందు చదివి, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని షెడ్డులో తిరుగుతున్నాడు. ఆమె చెయ్యి చాపింది, ఆయన ఇవ్వక తప్పలేదు. పేపరాయన నాటకాన్ని బాగా మెచ్చుకున్నాడు, ముసలి తల్లినైతే ఆకాశానికెత్తేశాడు. ఆఖర్న ఒక్క ముక్క: "వెనక తెర మామూలుగా ఉంది, ఎక్కడా అడ్డం రాలేదు."

దర్జీ ఆమె మొహంలోకి భయంభయంగా చూశాడు. ఆమె రెండోసారి చదివి, పేపరు మడిచి ఇచ్చేసింది.

"దీనికి మాత్రం అద్దం వేయించకు బావా," అంది.

ఆమెకి ఇంకో చిక్కు వచ్చి పడింది. గొట్టం హాలుకి వెళ్ళిపోయింది, తడిగుడ్డలు ఆరేసుకోవడానికి చోటు లేదు. షెడ్డంతా చూసింది. గట్టి మేకు ఒక్కటే ఉంది, అద్దం తగిలించినది. అద్దాన్ని దించి, దుమ్ము తుడిచి, బట్టల పెట్టె అడుగున పెట్టింది. ఆ మేకుకి ఒక తాడు కట్టి, రెండో కొస కిటికీ ఊచకి బిగించి, గుడ్డలు వరసగా ఆరేసింది. అప్పటికే ఇంకో నాటకంవాళ్ళ కబురు వచ్చి ఉంది, సముద్రం కావాలట. దర్జీ కొత్త గుడ్డ పన్నాలు నేలమీద పరుస్తూంటే, ఆమె పాత బకెట్లో నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో వంగి చూసుకుంది.